మూడు గిగాహెర్ట్జ్‌ని రెండుకి దింపిన ఎండాకాలం

మా షాపు పిడుగురాళ్ళలో. సున్నం బట్టీల ఊరు కదా, పొద్దున తుడిచిన టేబుల్ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. పైన రేకులు, కింద నాపరాళ్ళు, మధ్యలో నేను, ఒక జెరాక్స్ మిషను, రెండు కంప్యూటర్లు. పని డీటీపీ. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, బిల్లు బుక్కులు, పెద్దకర్మ కార్డులు. ఎవరింట్లో ఏం జరిగినా ముందు నాకే తెలుస్తుంది.

రెండు కంప్యూటర్లలో ఒకటి కొత్తది, ఆన్‌లైన్ పనులకి. రెండోది 2004 చివర్లో కొన్నది, ఇంటెల్ పెంటియమ్ 4 ప్రాసెసర్‌ది. స్పీడు మూడు గిగాహెర్ట్జ్, పెంటియమ్ 4లలో ప్రెస్కాట్ అనే రకం. దాన్ని ఇంకా ఎందుకు ఉంచుకున్నావని అడగని కస్టమర్ లేడు. దాంట్లో కార్డులు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో చేసిన పదిహేనేళ్ళ ఫైళ్ళున్నాయి, అన్నీ అను ఫాంట్లలో కొట్టినవి. అవి యూనికోడ్ కాదు. ఆ ఫాంట్లు లేని సిస్టంలో తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గోల కనబడుతుంది. పైగా ట్రేసింగ్ పేపరు మీద నల్లగా, నిండుగా కొట్టే పాత లేజర్ ప్రింటర్ పారలల్ పోర్టుది. కొత్త సిస్టంకి ఆ పోర్టే లేదు. "మా పెద్దమ్మాయి పెళ్ళికి వేశావే, అదే కార్డు పేర్లు మార్చి వెయ్యి" అని తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఆ పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టం బతికుండాలి. దానికి నెట్ కనెక్షన్ ఇవ్వను. దాని లోకం దానిది.

2019 మే. ఎన్నికల కౌంటింగ్ అయిపోయి ఊరు కాస్త సద్దుమణిగింది, రోహిణి కార్తె మొదలైంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా రేకుల కింద రోలు లేదు గానీ గోడకి తగిలించిన థర్మామీటరు మధ్యాహ్నం రెండింటికి 41 చూపిస్తోంది, అదీ ఫ్యాన్ తిరుగుతుండగా. ఆ వేళకి ఒక పెళ్ళికూతురి తండ్రి వచ్చి ఎదురు స్టూలు మీద కూర్చున్నాడు. కార్డు ప్రూఫ్ అయిపోయింది, ట్రేసింగ్ తీసిస్తే స్క్రీన్ ప్రింటింగ్ అతనికి తీసుకెళ్ళాలి. ప్రింట్ కొట్టాను. మామూలుగా రెండు నిమిషాల్లోపు వచ్చే పేజీ మూడు దాటినా రాలేదు. మౌసు బాణం గంతులేస్తూ కదులుతోంది. క్యాబినెట్‌లో ఫ్యాను పిండిమరలా మోగుతోంది. నాలుగో నిమిషంలో స్క్రీన్ నల్లబడి మొత్తం ఆగిపోయింది.

"ఏంది అబ్బాయ్, కరెంటు పోయిందా?" అన్నాడాయన.

పోలేదు. ఆయన తల మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

ఇక్కణ్ణుంచి నాలుగు రోజులు నేను చేసినవన్నీ తప్పు పనులే. మొదట వైరస్ అనుకున్నాను. ఒక రాత్రంతా కూర్చుని ఎక్స్‌పీ మళ్ళీ వేశాను, ఫాంట్లు, కీబోర్డు, ప్రింటర్ డ్రైవరు అన్నీ ఎక్కించాను. పొద్దున పూట బ్రహ్మాండంగా పనిచేసింది. మధ్యాహ్నం మళ్ళీ అదే కథ. తర్వాత ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా, పోయిందనుకుని 650 రూపాయలు పెట్టి వేరేది వేయించాను. పొద్దున మళ్ళీ బ్రహ్మాండం, మధ్యాహ్నం మళ్ళీ మామూలే. పొద్దున బాగుండి మధ్యాహ్నం చెడుతోందంటే ఎండ సంగతి తట్టాలి కదా. తట్టలేదు. చెమట తుడుచుకుంటూ కూడా హార్డ్‌డిస్క్ పోతోందేమో అని చూస్తూ కూర్చున్నాను.

చివరికి బుద్ధి వచ్చింది ఒక చిన్న లెక్కతో. అదే శుభలేఖ ఫైలు, అదే ప్రింటరు. పొద్దున ఆరున్నరకి కొడితే 1 నిమిషం 50 సెకన్లు. మధ్యాహ్నం రెండున్నరకి 3 నిమిషాల 35 సెకన్లు. ఫైలు మారలేదు, మిషను మారలేదు. మారింది గదిలో వేడి ఒక్కటే.

పెన్‌డ్రైవ్‌లో రెండు మూడు చిన్న ప్రోగ్రాములు తెచ్చి వేశాను. టెంపరేచరు చూడ్డానికి స్పీడ్‌ఫ్యాన్, క్లాక్, అంటే ప్రాసెసర్ స్పీడు, చూడ్డానికి ఆర్ఎం క్లాక్, ప్రాసెసర్‌ని కావాలని అలసిపోయేలా చేయడానికి ప్రైమ్95. మధ్యాహ్నం వాటిని పెట్టి చూస్తే విషయం బొమ్మలా కనబడింది. టెంపరేచరు 78. క్లాక్ గీత 3,000 దగ్గర కదలకుండా ఉంది గానీ, అసలు పని జరుగుతున్న స్పీడు చూపించే రెండో గీత మాటిమాటికీ సగానికి పడి లేస్తోంది.

పెంటియమ్ 4లో పుట్టుకతోనే ఒక ఏర్పాటు ఉంది. చిప్పు లోపల వేడి ఫ్యాక్టరీలో పెట్టిన హద్దు దాటగానే క్లాక్‌ని కాసేపు ఆపి, కాసేపు వదిలి, మళ్ళీ ఆపుతూ నడుస్తుంది. థర్మల్ మానిటర్ అంటారు. దాంతో చిప్పు కాలిపోదు. కానీ స్క్రీన్ మీద ఏ హెచ్చరికా రాదు. సిస్టం వివరాల్లో మాత్రం దర్జాగా 3.00 గిగాహెర్ట్జ్ అనే ఉంటుంది. అంటే నేను మూడు అనుకుని కూర్చున్న మధ్యాహ్నాలన్నీ నిజానికి ఒకటిన్నరకీ మూడుకీ మధ్య ఊగిసలాటే. స్పీడు అదే తగ్గించుకుంటోంది, నాకు చెప్పకుండా. అలా తగ్గించుకున్నా వేడి ఆగనప్పుడు మదర్‌బోర్డు మొత్తం ఆపేస్తోంది.

అప్పుడు పెట్టె విప్పాను. విప్పగానే సిగ్గేసింది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య ఖాళీయే లేదు. ఇది మామూలు దుమ్ము కాదు, బ్లోయర్ పెడితే ఎగిరిపోదు. సున్నం దుమ్ము నాలుగు వానాకాలాల తేమ తాగి గోడకి పూసినట్టు గట్టిపడింది. పాత టూత్‌బ్రష్షు, అగరబత్తి పుల్ల పెట్టి గీకాలి. హీట్‌సింక్ పైకి తీసి గీకుదామని క్లిప్పులు వదులు చేసి లాగాను. అది రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. టక్‌మని వచ్చింది, ప్రాసెసర్‌తో సహా.

478 సాకెట్, అంటే ఈ ప్రాసెసర్ కూర్చునే గూడు, వాడినవాళ్ళకి ఈ టక్ శబ్దం తెలిసే ఉంటుంది. ప్రాసెసర్ నుంచి హీట్‌సింక్‌కి వేడి దాటడానికి పూసిన పదిహేనేళ్ళ నాటి పేస్టు ఎండి జిగురై రెంటినీ అతికించేసింది. సాకెట్ పక్కనున్న మీట లాక్‌లోనే ఉంది, అయినా చిప్పు ఊడి హీట్‌సింక్‌కి వేలాడుతూ వచ్చింది. అడుగున 478 పిన్నులు. వాటిలో ఆరో ఏడో వంగాయి. నా గుండె ఎన్నిచోట్ల వంగిందో లెక్కపెట్టలేదు. సీసం తీసేసిన పెన్సిలు ఉంటుంది కదా, నొక్కితే పుల్ల వచ్చేది, దాని ఖాళీ మూతిని ఒక్కో పిన్నుకి తొడిగి మెల్లగా నిలబెట్టాను. గంటన్నర పట్టింది. అసలు పద్ధతేమిటో తర్వాత తెలిసింది. విప్పేముందు సిస్టంని ఓ పావుగంట బాగా నడిపి, పేస్టు వేడికి మెత్తబడ్డాక ఆపి, హీట్‌సింక్‌ని పైకి లాగకుండా ముందు అటూ ఇటూ తిప్పాలి. మీ ఇంట్లో ఆ కాలం మిషను ఉంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

శుభ్రం చేసి, కొత్త పేస్టు కందిగింజంత పెట్టి బిగించాను. టెంపరేచరు 78 నుంచి 71కి దిగింది. మధ్యలో ఆగిపోవడం తగ్గింది. కానీ రెండు, మూడు గంటల మధ్య ఆ రెండో గీత ఇంకా అప్పుడప్పుడూ పడుతూనే ఉంది. ఇంతకన్నా ఏం శుభ్రం చేస్తాం?

ఇక్కడే కాగితం మీద లెక్క వేశాను. ఈ ప్రాసెసర్ థర్మల్ రేటింగు 89 వాట్లు. హీట్‌సింక్ ఒక్కో వాటుకి డిగ్రీలో మూడో వంతు చొప్పున వేడి పెంచుతుందనుకుంటే 89 వాట్లకి దాదాపు 30 డిగ్రీలు. అది గది వేడి మీద కలిసేది. చలికాలం గది 25 ఉంటే చిప్పు 55. మే నెలలో గది 41 ఉంటే 71. నాకు సరిగ్గా అదే కనబడుతోంది. ఎంత మంచి ఫ్యాను పెట్టినా గదిలో ఉన్న గాలినే కదా ఊదేది. ఆ రోజుల్లో ఈ ప్రాసెసర్ల కోసం పక్క తలుపుకి గొట్టం పెట్టిన క్యాబినెట్లు వచ్చేవి, "38 డిగ్రీల క్యాబినెట్" అని. ప్రాసెసర్ ఫ్యానుకి అందే గాలి 38 దాటకుండా చూడటం వాటి పని. మా దగ్గర గదిలోనే 41. క్యాబినెట్ లోపల సంగతి చెప్పక్కర్లేదు.

అంటే నా చేతిలో ఉన్నవి రెండే. ఒకటి 41ని తగ్గించడం, అంటే ఏసీ. రేకుల షెడ్డుకి ఏసీ పెడితే చల్లబడేది పిడుగురాళ్ళ ఊరు, నా గది కాదు. రెండోది ఆ 89ని తగ్గించడం.

మా ఊళ్ళో హార్డ్‌వేర్ చూసే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, ప్రాసెసర్ స్పీడు తగ్గిద్దామనుకుంటున్నానని. అటువైపు కాసేపు మాట లేదు. "అన్నా, స్పీడు పెంచమని వచ్చేవాళ్ళని చూశా గానీ తగ్గించమనేవాణ్ణి నిన్నే చూస్తున్నా. ర్యామ్ వేయిస్తావా?" అన్నాడు. అతని దగ్గర ప్రతి జబ్బుకీ మందు ర్యామే.

సొంతంగానే దిగాను. బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్ళి చూస్తే దారి ఇలా ఉంది. ఈ ప్రాసెసర్ స్పీడు రెండు సంఖ్యల గుణకారం. మదర్‌బోర్డు నుంచి అందే మూల స్పీడు, అంటే బస్ క్లాక్, 200 మెగాహెర్ట్జ్, దాన్ని 15తో హెచ్చిస్తే 3,000. ఆ 15ని మార్చడానికి లేదు, ఫ్యాక్టరీలోనే తాళం వేశారు. మార్చగలిగింది 200నే. నా మదర్‌బోర్డు 865 చిప్‌సెట్‌ది, దాని బయోస్‌లో ఈ సంఖ్యని 100 దాకా దించే వీలుంది. అన్ని బోర్డుల్లో ఉండదు. కొన్ని పైకి వెళ్ళనిస్తాయి గానీ కిందికి రానివ్వవు. 133 పెడితే 15 నూటముప్పైమూళ్ళు దాదాపు 2,000. రెండు గిగాహెర్ట్జ్.

మార్చేముందు ఒకటి చూసుకోవాలి. పాత బోర్డుల్లో బస్ క్లాక్ కదిలితే దానితో పాటు గ్రాఫిక్స్ కార్డు, మిగతా కార్డులు పెట్టే ఏజీపీ, పీసీఐ స్లాట్ల క్లాకులు కూడా కదులుతాయి, వాటికి తగిలించిన కార్డులు తిక్కతిక్కగా చేస్తాయి. నా బయోస్‌లో వాటిని 66, 33 దగ్గర కట్టేసే ఆప్షన్ ఉంది, అది పెట్టాను. ర్యామ్ మాత్రం బస్‌తో పాటే దిగుతుంది. డీడీఆర్ 400 కాస్తా 266 అయింది. తప్పదు.

సేవ్ చేసి బయటికొచ్చాను. సిస్టం మామూలుగానే లేచింది. విండోస్ "పెంటియమ్ 4, 3.00 గిగాహెర్ట్జ్" అనే రాసి, దాని కిందే 2.00 అని చూపించింది. బోర్డు మీద ఒక పేరు, కొట్లో ఇంకో సరుకు.

మధ్యాహ్నం రెండున్నర. గది 41. ప్రైమ్95 పెట్టాను. 62 దగ్గర నిలబడింది. రెండో గీత మొదటి గీత మీదే పడుకుంది, ఒక్కసారి కూడా లేవలేదు. శుభలేఖ ప్రింట్ కొట్టాను: 2 నిమిషాల 25 సెకన్లు. మూడు గిగాహెర్ట్జ్‌లో అదే మధ్యాహ్నం 3 నిమిషాల 35 పట్టిన పని. స్పీడు మూడో వంతు తగ్గించాక పని నిమిషం పైన ముందు అయింది. చలువగా ఉన్న పొద్దుటి పూట 1:50 అయ్యేది ఇప్పుడు 2:25 అవుతుంది, ఆ నష్టం ఒప్పుకోవాల్సిందే. కానీ నా గిరాకీ పొద్దున ఆరింటికి రాదు.

నిజంగా ఎంత కరెంటు తగ్గిందో చూడాలనిపించింది. వాట్లు కొలిచే ప్లగ్గు నా దగ్గర లేదు. కానీ షాపు కరెంటు మీటరుంది, దాని మీద ఎర్ర లైటు మెరుస్తుంటుంది, పక్కన యూనిట్‌కి 3,200 సార్లు అని రాసి ఉంది. ఇంకేం కావాలి? పొద్దున ఆరింటికి షాపులో అన్నీ కట్టేసి, మానిటర్ కూడా ఆపి, ప్రైమ్95 నడుస్తున్న ఆ ఒక్క పెట్టెనే ఉంచి, పది నిమిషాలు మీటరు ముందు నిలబడి మెరుపులు లెక్కపెట్టాను. పాత సెట్టింగులో 83 మెరుపులు. లెక్కేస్తే సుమారు 156 వాట్లు. 133 పెట్టాక 66 మెరుపులు, అంటే 124 వాట్లు. పక్క టీకొట్టు కుర్రాడు గ్లాసు పట్టుకుని వచ్చి నన్ను చూసి, "ఏందన్నా, కరెంటోళ్ళ మీద డౌటా?" అన్నాడు.

అక్కడితో ఆగొచ్చు. కానీ ఒక విషయం మనసులో గుచ్చుతోంది. స్పీడు మూడో వంతు తగ్గితే ప్రాసెసర్ వేడి కూడా మూడో వంతు తగ్గాలి కదా? టెంపరేచరు లెక్క ప్రకారం 30 డిగ్రీల పెరుగుదల 21కి వచ్చింది, అంటే మూడో వంతుకి కాస్త తక్కువే. మిగతాది ఎక్కడుంది?

చదివితే తెలిసింది. చిప్పులో వేడి రెండు రకాలుగా పుడుతుంది. ట్రాన్సిస్టర్లు మారుతున్నప్పుడు పుట్టేది ఒకటి, అది క్లాక్‌ని బట్టి ఉంటుంది. పనేమీ చేయకపోయినా కారిపోయే కరెంటు వల్ల పుట్టేది ఇంకొకటి, కుళాయి కట్టేసినా చుక్కలు పడుతున్నట్టు. క్లాక్ తగ్గిస్తే మొదటిది తగ్గుతుంది, రెండోదానికి క్లాక్‌తో పని లేదు. ప్రెస్కాట్ 2004 ఫిబ్రవరిలో 90 నానోమీటర్ల పద్ధతిలో వచ్చింది. 12 కోట్ల 50 లక్షల ట్రాన్సిస్టర్లు. అంతకుముందు రకం నార్త్‌వుడ్‌లో 20 అంచెలుండే పైప్‌లైన్‌ని, అంటే ఒక్కో పనిని అంచెలంచెలుగా చేసే వరుసని, దీంట్లో 31 అంచెలు చేశారు, గిగాహెర్ట్జ్ పైకి పైకి తీసుకెళ్ళడానికి. ఆ సన్నటి ట్రాన్సిస్టర్లలో కారిపోయే కరెంటు బాగా ఎక్కువ. గిగాహెర్ట్జ్ పరుగు కూడా ఎక్కువ దూరం సాగలేదు. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తేవడం లేదని ఇంటెల్ అదే ఏడాది అక్టోబరులో చెప్పేసింది. 2006లో వచ్చిన కోర్ 2 డుయో 1.86 గిగాహెర్ట్జ్ దగ్గర మొదలై, అంతకన్నా పెద్ద నంబర్లున్న పెంటియమ్ 4లని వెనక్కి నెట్టింది. మన హార్డ్‌వేర్ తమ్ముడికి ఇది చెబితే "అందుకే కొత్తది కొనుక్కో అన్నా" అన్నాడు.

ఈ రెండు రకాల వేడినీ కలిపి దించేది వోల్టేజి. క్లాక్ ఎంత తగ్గిస్తే మొదటి రకం వేడి అంతే తగ్గుతుంది, కానీ వోల్టేజి అలా కాదు, దాని వర్గాన్ని బట్టి తగ్గుతుంది. పదో వంతు వోల్టేజి తీసేస్తే వేడి దాదాపు ఐదో వంతు పోతుంది. మూడు గిగాహెర్ట్జ్ పరిగెత్తడానికి కావలసిన వోల్టేజి రెండు గిగాహెర్ట్జ్ నడకకి అక్కర్లేదు. క్లాక్ దించినవాడు వోల్టేజి దించకపోతే సగం పని వదిలేసినట్టే.

నా బయోస్‌లో మామూలుగా 1.3875 వోల్టులుంది. కొంచెం కొంచెంగా దించుకుంటూ రావాలి. నాకా ఓపిక ఎక్కడిది? ఒకేసారి 1.10 పెట్టాను. స్క్రీన్ రాలేదు. ఫ్యాన్ తిరుగుతోంది, ఇంకేమీ లేదు. బయోస్‌లోకి కూడా పోనివ్వదు, ఎందుకంటే బయోస్ చూపించడానికి కూడా ప్రాసెసర్ లేవాలి. ఒక నిమిషం భయపడ్డాను. తర్వాత ప్లగ్గు పీకి, మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే బ్యాటరీ తీసి, దాని పక్క జంపర్ని మార్చి మళ్ళీ పెడితే అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగులకి వచ్చాయి. చిప్పుకి ఏమీ కాలేదు. వోల్టేజి మరీ పెంచితే చిప్పు కాలొచ్చు గానీ, తగ్గిస్తే మహా అయితే లేవదు.

ఈసారి బుద్ధిగా చేశాను. 1.15 దగ్గర విండోస్ వచ్చింది గానీ ప్రైమ్95 మూడో నిమిషంలోనే లెక్క తప్పిందని ఆపేసింది. 1.20 దగ్గర గంటసేపు నడిచింది, సంతోషించి పనిలో దిగాను. మర్నాడు సత్యనారాయణ వ్రతం కార్డు ఒకటి, గణపతి బొమ్మ చుట్టూ బార్డరు పెడుతున్నాను, పేజ్‌మేకర్ బిగుసుకుపోయింది. సేవ్ చేయని రెండు పేజీలు పోయాయి. గంట నిలబడిందని రోజంతా నిలబడుతుందనుకోవడం నా పొరపాటు. 1.25కి పెంచి, రాత్రి షాపు మూసేముందు ప్రైమ్95 పెట్టి వదిలేసి పొద్దున వచ్చి చూశాను. తొమ్మిది గంటలు, ఒక్క తప్పు లేదు. అక్కడ స్థిరపడ్డాను.

మళ్ళీ మీటరు ముందు పది నిమిషాలు. 54 మెరుపులు. 101 వాట్లు. 156 నుంచి 101. మధ్యాహ్నం టెంపరేచరు 57. ఫ్యాన్ స్పీడు వేడిని బట్టి మారే బోర్డు కాబట్టి ఆ పిండిమర మోత ఆగిపోయింది. ఎదురు స్టూలు మీద కూర్చున్నవాళ్ళు ఫోన్లో మాట్లాడుకోగలుగుతున్నారు, దానివల్ల నాకు కొత్త ఇబ్బంది వచ్చిపడింది గానీ అది వేరే సంగతి. యూపీఎస్ 600 వీఏది, కరెంటు పోతే నాలుగు నిమిషాలు ఆగేది, ఇప్పుడు ఏడు దాకా లాగుతోంది. ఫైలు సేవ్ చేసుకుని, కస్టమర్‌కి సర్దిచెప్పి, సిస్టం మూసేంత టైమన్నమాట.

కరెంటు బిల్లు సంగతి అడుగుతారు. పూర్తి లోడు రోజంతా ఉండదు. మా లెక్కలో నెలకి ఏడెనిమిది యూనిట్లు మిగిలుంటాయి. బిల్లు చూస్తే ఆ తేడా కనిపించలేదు. అనవసరంగా మార్చిన ఎస్ఎంపీఎస్ డబ్బులు రావడానికే ఏడాది పైన పడుతుంది. డబ్బు కోసమైతే ఈ పని చేయకండి.

నష్టం లేదా అంటే ఉంది. కోరల్‌డ్రాలో పెద్ద ఫ్లెక్సీ డిజైన్లు తెరిస్తే బద్ధకంగా కదులుతాయి, ప్రాసెసర్‌తో పాటు ర్యామ్ కూడా దిగింది కదా. అవి కొత్త సిస్టంకి మార్చేశాను. ఒకరోజు ఇంకా దిగుదామని 100 పెట్టి చూశాను, అంటే 1.5 గిగాహెర్ట్జ్. టెంపరేచరు 52. కానీ పేజ్‌మేకర్‌లో పేజీ జరిపితే అక్షరాలు వెనకాల నడిచి వస్తున్నట్టుంది. వెంటనే 133కి వచ్చేశాను. ఐదు డిగ్రీల కోసం అంత ఓపిక పట్టక్కర్లేదు.

ఆ జూన్‌లో మా మేనకోడలు సెలవులకి వచ్చింది. నరసరావుపేటలో ఇంజినీరింగ్. తన ల్యాప్‌టాప్ ఎవరో వాడిచ్చినది, 2012 నాటి ఐ5-3210ఎం. "మామయ్యా, ఒళ్ళో పెట్టుకుంటే తొడ కాలుతోంది" అంది. చూస్తే 93 డిగ్రీలు. నా అనుభవమంతా బయటికి తీసి, బయోస్ అంటూ మొదలెట్టాను. ల్యాప్‌టాప్ బయోస్‌లో ఇవేమీ ఉండవని రెండు నిమిషాల్లో తెలిసింది.

దానికి అసలు ఇంత బాధే లేదు. ఆ ప్రాసెసర్ మామూలు స్పీడు 2.5, టర్బో అనే ఏర్పాటుతో 3.1 దాకా ఎగురుతుంది. ఎగిరినప్పుడు వోల్టేజి కూడా ఎగురుతుంది, వేడంతా అక్కడే. విండోస్ 10లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, దాంట్లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఉంటుంది. అక్కడ 100 బదులు 99 పెడితే చాలు, టర్బో ఆగిపోతుంది. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది గానీ 3.1 నుంచి 2.5కి దిగుతుంది. వోల్టేజి కూడా దానంతటదే దిగుతుంది, కొత్త ప్రాసెసర్లకి ఆ తెలివి ఉంది. అలా పెట్టి ఇచ్చాను.

మర్నాడు పొద్దున "ఇంకా కాలుతోంది మామయ్యా" అంటూ వచ్చింది. ఆ సెట్టింగులో బ్యాటరీకి ఒక గడి, చార్జర్‌కి ఒక గడి ఉంటాయి. నేను బ్యాటరీ గడి ఒక్కటే మార్చాను. ఆ పిల్ల చార్జర్ తీసి వాడిందే లేదు, దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. రెండో గడి కూడా 99 చేశాక 93 కాస్తా 77 అయింది, మళ్ళీ ఫిర్యాదు రాలేదు. వోల్టేజి ఇంకా దిద్దుదామంటే ఆ తరం ల్యాప్‌టాప్ చిప్పుల్లో సాఫ్ట్‌వేర్‌తో మామూలుగా కుదరదు. తర్వాతి తరం హాస్వెల్ నుంచి థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాముతో చాలామంది చేసేవారు. ఆ వోల్టేజి దారినే వాడుకుని దొంగపని చేయొచ్చని 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ పేరుతో బయటపడ్డాక, చాలా ల్యాప్‌టాప్‌లలో బయోస్ అప్‌డేట్లు ఆ దారి మూసేశాయి. టర్బో ఆపడానికి మాత్రం అడ్డం లేదు.

ఆ ఏడు కార్తీకమాసంలో గది 26కి దిగింది. చలికాలం కదా, పాత స్పీడు పెట్టుకుందామని మళ్ళీ 200 చేశాను, వోల్టేజి ఆటోలో వదిలాను. చిప్పు 56 దగ్గరే ఉంది, ఏ ఇబ్బందీ లేదు. రోజూ వచ్చి పేపరు చదివే పెద్దాయన ఒకాయనున్నాడు, మూడో రోజు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏందిరా, మిషను మళ్ళీ మొరుగుతోంది?" అన్నాడు. కార్డులు అర నిమిషం ముందు వస్తున్నాయని ఒక్క కస్టమర్ కూడా గమనించలేదు. సాయంత్రం 133కి దించేశాను. మళ్ళీ పైకి పెట్టలేదు.

తర్వాత రెండేళ్ళకి ఒక పొద్దున షాపు తెరిచి స్విచ్ వేస్తే ఫ్యాను పాత రాగం అందుకుంది. స్క్రీన్ మీద తేదీ ఎప్పటిదో చూపిస్తోంది. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయింది, బయోస్ అన్నీ మర్చిపోయి ఫ్యాక్టరీ సెట్టింగులకి వెళ్ళిపోయింది. నాకూ ఆ సంఖ్యలు గుర్తులేవు, 1.20 నిలబడిందా 1.25 నిలబడిందా అని తల గోక్కున్నాను. పక్క తలుపు విప్పాక ఊపిరి వచ్చింది. లోపలి వైపు ట్రేసింగ్ పేపరు ముక్క ఒకటి అంటించి ఉంది, అను ఫాంటులో 24 సైజు: "బస్ 133. వోల్టు 1.25. ఏజీపీ 66, పీసీఐ 33 కట్టెయ్. 1.20 పెట్టకు, వ్రతం కార్డు గుర్తుందా?" కొత్త బ్యాటరీ వేసి, చూసుకుంటూ కొట్టేశాను.